రోజూ ఆఫీసుకి హాట్ హ్యాచ్: 120 పీఎస్ ఓకే, రీమ్యాప్ మాత్రం వద్దు బాస్

ఫోన్ కొనేటప్పుడు మనం చాలా తెలివైనవాళ్లం. బెంచ్‌మార్క్ స్కోర్ ఎంత వచ్చిందన్నది కాదు, అరగంట గేమ్ ఆడాక ఫ్రేమ్ రేట్ ఎంత నిలబడిందన్నది చూస్తాం. ఫాస్ట్ చార్జింగ్ ఎన్ని వాట్లు అన్నదానికంటే బ్యాటరీ రాత్రి దాకా వస్తుందా లేదా అని అడుగుతాం. అదే మనం కారు దగ్గరికి వచ్చేసరికి 0 నుంచి 100 ఎన్ని సెకన్లు, ఎన్ని పీఎస్, సన్‌రూఫ్ ఉందా లేదా, అంతే.

నేనూ అలాగే కొన్నాను. రెండేళ్లయింది. 1.0 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, నాలుగు మీటర్ల లోపు హ్యాచ్‌బ్యాక్. మోడల్ పేరు కావాలనే రాయట్లేదు. ఇక్కడ చెప్పేవి ఈ రకం కార్లలో చాలావాటికి వర్తిస్తాయి, ఒక్క బ్రాండ్‌ని మెచ్చుకోవడానికో తిట్టడానికో రాస్తున్నది కాదు. రోజూ నిజాంపేట నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి, నెలకోసారి విజయవాడకి. మొత్తం 31 వేల కిలోమీటర్లు తిరిగాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. చిన్న టర్బో హ్యాచ్ రోజువారీ కారుగా సూపర్. కానీ దానికి కారణం మనం యూట్యూబ్‌లో చూసే కారణం కాదు.

మన దగ్గర హాట్ హ్యాచ్ అంటే

యూరప్‌లో ఈ కథ 1976 గోల్ఫ్ జీటీఐతో ఊపందుకుంది. ఇంట్లో వాడుకునే చిన్న కారుకి పెద్ద గుండె పెట్టడం. మన దగ్గర ఆ గుండె సైజుని పన్ను నిర్ణయించింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటేనే చిన్న కారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇలాంటి కార్లకి జీఎస్టీ 18 శాతం. ఆ గీత దాటితే 40 శాతం.

అందుకే మన హాట్ హ్యాచ్‌లు దాదాపు అన్నీ ఆ గీత లోపలే పుట్టాయి. 2013లో 1.2 లీటర్ టర్బోతో 105 పీఎస్ పోలో జీటీ టీఎస్ఐ. 2017లో 102 పీఎస్ బాలెనో ఆర్ఎస్. 2021లో 120 పీఎస్ ఐ20 ఎన్ లైన్. 2024లో అదే 120 పీఎస్‌తో ఆల్ట్రోజ్ రేసర్. గీత దాటి ధైర్యం చేసింది 2015 అబార్త్ పుంటో, 1.4 లీటర్, 145 పీఎస్. ఎక్కువ రోజులు నిలబడలేదు. అసలు గోల్ఫ్ జీటీఐ మన దేశానికి 2025లో వచ్చింది కానీ ధర యాభై లక్షల పైమాటే. దాన్ని రోజూ మియాపూర్ సిగ్నల్ దగ్గర పెట్టి బైక్ హ్యాండిల్ తగలకుండా కాపాడుకునే ఓపిక నాకైతే లేదు.

"120 పీఎస్‌ని హాట్ అనరు, వార్మ్ అంటారు" అనేవాళ్లు ఉంటారు. యూరప్‌లో అమ్మిన ఐ20 ఎన్‌కి 204 పీఎస్. ఆ లెక్కన వాళ్లు చెప్పింది నిజమే. కానీ మన రోడ్ల మీద, మన జీతాలకి, ఈ 120 సరిగ్గా సరిపోయే నంబర్ అని నా నమ్మకం.

అసలు మజా 1500 ఆర్‌పీఎం దగ్గర

ఒక్క పోలిక చూడండి. మామూలు ఐ20లో 1.2 పెట్రోల్ మాన్యువల్‌కి దాదాపు 115 న్యూటన్ మీటర్ల టార్క్, అది కూడా 4200 ఆర్‌పీఎం దగ్గర. అదే ఎన్ లైన్ టర్బోలో 172 న్యూటన్ మీటర్లు, 1500 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా. మన సిటీ డ్రైవింగ్ అంతా దాదాపు ఈ మధ్యలోనే జరుగుతుంది.

ఎందుకిలా? టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగతో తిరిగే చిన్న చక్రం. నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. అది ఇంకో చక్రాన్ని తిప్పి సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో పంపిస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువ కాల్చొచ్చు. చిన్న ఇంజిన్ పెద్ద ఇంజిన్‌లా లాగుతుంది.

రోజువారీగా దీని అర్థం ఏంటంటే, ఏసీ ఫుల్‌లో, నలుగురు కూర్చుని, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరవదు. ఓఆర్ఆర్ మీదకి ఎక్కే ర్యాంప్‌లో ట్రాఫిక్ స్పీడ్ అందుకోవడానికి దేవుణ్ణి తలచుకోనక్కర్లేదు. 0 నుంచి 100 నేను రెండేళ్లలో ఎన్నిసార్లు చేసి ఉంటానో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 20 నుంచి 60 మాత్రం రోజుకి యాభై సార్లు. స్పెక్ షీట్‌లో ఆ నంబర్ ఉండదు.

దానికి తోడు సైజు. చిన్నది కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లర్ పక్కన ఇరికించొచ్చు. సస్పెన్షన్ గట్టిగా, స్టీరింగ్ సూటిగా ఉంటుంది కాబట్టి ఖాళీ రోడ్డు మీద యాభైలో వెళ్లినా నడుపుతున్న ఫీల్ ఉంటుంది. పెద్ద ఎస్‌యూవీలో ఆ ఫీల్ కోసం వందలో వెళ్లాలి. నా దృష్టిలో హాట్ హ్యాచ్ అసలు ఫీచర్ ఇదే: తక్కువ స్పీడ్‌లోనే ఎక్కువ ఆనందం.

థర్మల్ థ్రాట్లింగ్ కార్లకీ ఉంటుంది

ఇప్పుడు చేదు నిజాలు. మొదటి వర్షాకాలం. సాయంత్రం ఆరున్నర, కొత్తగూడ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కుతూ నలభై నిమిషాలు. అడుగు ముందుకి, బ్రేక్, అడుగు ముందుకి, బ్రేక్. మీటర్ మీద మెసేజ్ వచ్చింది: ట్రాన్స్‌మిషన్ వేడెక్కింది, సురక్షితంగా పక్కన ఆపండి. హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీశా. వెనకాల ఆటో అన్న తల బయటపెట్టి, "ఏమైందన్నా, పెట్రోల్ అయిపోయిందా?" అన్నాడు. 120 పీఎస్ కారు పక్కనుంచి ఒక పాత మారుతి 800 మెల్లగా దాటి వెళ్లిపోయింది.

ఇది డిఫెక్ట్ కాదు, డిజైన్. ఈ చిన్న కార్లలో చాలావాటిలో ఉండేది డ్రై క్లచ్. చల్లబరచడానికి ఆయిల్ ఉండదు, గాలే దిక్కు. నడక స్పీడ్‌లో పాకుతున్నప్పుడు క్లచ్ సగం పట్టీ పట్టక రాసుకుంటూ ఉంటుంది, ఆ రాపిడి అంతా వేడే. టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లో ఆ పని ద్రవం చేస్తుంది కాబట్టి ఈ బాధ బాగా తక్కువ. పోలో కూడా 2020లో 1.0 టీఎస్ఐకి మారినప్పుడు డ్యూయల్ క్లచ్ వదిలి టార్క్ కన్వర్టర్‌కే వెళ్లింది.

నేను నేర్చుకున్నది: ముందు కారు కదిలిన ప్రతిసారీ మనం కదలక్కర్లేదు. ఒక కారు పొడవు ఖాళీ రానిచ్చి, ఒకేసారి శుభ్రంగా కదిలి ఆగాలి. ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో కాదు, బ్రేక్‌తో కారుని నిలబెట్టాలి. ఆ తర్వాత ఆ మెసేజ్ మళ్లీ రాలేదు. హారన్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. మీ రోజు మొత్తం జామ్‌లోనే గడుస్తుందంటే మాన్యువల్ గానీ టార్క్ కన్వర్టర్ గానీ తీసుకోండి.

రెండోది టైర్లు. నా కారుకి 195/55 ఆర్16. అంటే సైడ్‌వాల్ ఎత్తు 195లో 55 శాతం, దాదాపు 107 మిల్లీమీటర్లు. మామూలు హ్యాచ్‌లకి వచ్చే 185/65 ఆర్15లో అది 120. తేడా 13 మిల్లీమీటర్లే, కానీ నీళ్లు నిండిన గుంతలో ఆ 13 ఎంత విలువైనవో తెలుస్తుంది. ఒక టైర్ సైడ్‌వాల్ ఉబ్బింది, ఒక అల్లాయ్ వంకరపోయింది. స్క్రీన్ గార్డ్ లేకుండా ఫోన్ వాడినట్టే ఉంటుంది ఈ బతుకు.

మూడోది పెట్రోల్. సిటీలో నాకు లీటరుకి పది పదకొండు, హైవే మీద పదహారు పదిహేడు. కుడి కాలు కాస్త బరువెక్కితే సిటీలో తొమ్మిది. కంపెనీ చెప్పిన మైలేజ్ నమ్మి ఈఎంఐ లెక్క వేసుకుంటే నెలాఖరులో యూపీఐ యాప్ తెరవడానికి భయమేస్తుంది.

కారుని రూట్ చేద్దామా?

ఏడాది తిరిగేసరికి 120 పీఎస్ అలవాటైపోయింది. అప్పుడు ఆఫీసులో ఫ్రెండ్ చెవిలో వేశాడు: స్టేజ్ 1 రీమ్యాప్. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూలో సాఫ్ట్‌వేర్ మార్చడం. టర్బో ఒత్తిడి, ఇగ్నిషన్ టైమింగ్, పెట్రోల్ మోతాదు పెంచి రాస్తారు. ఒక్క బోల్ట్ విప్పకుండా పాతిక పీఎస్ అదనం. కాలేజీ రోజుల్లో ఫోన్ రూట్ చేసి కస్టమ్ రోమ్ వేసుకున్న వాడికి ఇంతకంటే టెంప్టింగ్ ఏముంటుంది? ముప్పై అయిదు వేలు అన్నారు. స్లాట్ కూడా బుక్ చేశా.

ఆ స్లాట్‌కి ముందు వారం నాన్నతో విజయవాడ బయల్దేరా. నక్రేకల్ దాటాం, సూర్యాపేట ఇంకా రాలేదు. సాయంత్రం, రోడ్డు ఖాళీ. స్పీడ్ లిమిట్ దాటాను, ఎంతో ఇక్కడ రాయను. డివైడర్ మధ్య గ్యాప్‌లోంచి పాల క్యాన్లతో ఒక బైక్, రాంగ్ సైడ్‌లో, లైట్ లేకుండా. బ్రేక్ మొత్తం తొక్కేశా. కాలి కింద ఏబీఎస్ దడదడమంది. కారు ఆగాక అతనికీ బంపర్‌కీ మధ్య రెండు మీటర్లు కూడా లేవు. అతను ఒకసారి మా వైపు చూసి, క్యాన్ సర్దుకుని వెళ్లిపోయాడు. నా చేతులు స్టీరింగ్ మీద వణుకుతున్నాయి.

కోదాడ దాకా నాన్న ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడ టీ తాగుతూ అన్నాడు: "బండి ఆగిందిరా. అది బండి గొప్పతనం. అంత స్పీడ్‌లో రావడం ఎవరి గొప్పతనం?"

ఆ రాత్రి పడుకునే ముందు ఇంటర్‌లో చదివిన ఫిజిక్స్ గుర్తొచ్చింది. కారులో ఉండే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లు, బ్రేకులు మింగాల్సిన శక్తి రెండుంపావు రెట్లు. 100లో వెళ్తుంటే సెకనుకి 28 మీటర్లు. కాలు బ్రేక్ మీదకి వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది. రీమ్యాప్ ఇందులో దేన్నీ మార్చదు. ఫైల్‌లో పాతిక పీఎస్ వస్తుంది కానీ బ్రేక్ డిస్క్ సైజు అదే, టైరు పట్టు అదే, నడిపేవాడూ అదే.

పైగా ఫోన్ బ్రిక్ అయితే ఇంకో ఫోన్ కొనొచ్చు. ఇక్కడ పోయేది కంపెనీ వారంటీ. తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తోంది, ఆ మార్పు చూపించి ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు. ముందే వేడెక్కే డ్రై క్లచ్ మీద ఇంకా టార్క్ రుద్దడం ఇంకో తలనొప్పి.

స్లాట్ క్యాన్సిల్ చేశా. దాదాపు అదే డబ్బుతో అదే సైజులో తడి రోడ్డు మీద మంచి పట్టున్న నాలుగు టైర్లు వేయించా, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించా. నిజం చెప్తున్నా, ఇప్పటిదాకా ఈ కారుకి చేసిన బెస్ట్ అప్‌గ్రేడ్ అదే. వర్షంలో బ్రేక్ వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు, రోజూ తెలుస్తుంది. పాతిక పీఎస్ అయితే వారానికి ఒక్కసారి కూడా తెలిసేది కాదేమో.

మరి కొనాలా?

ఇంట్లో ఇదొక్కటే కారు, వెనక సీట్లో రోజూ పెద్దవాళ్లు కూర్చుంటారు, ఊరి రోడ్డు మీద తిరగాలి అంటే మెత్తటి సస్పెన్షన్, ఎత్తైన టైర్లున్న మామూలు వేరియంట్ తీసుకోండి. మా అమ్మ ఇప్పటికీ ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ నన్ను ఒక మాట అంటుంది. మైలేజ్ మీద పట్టింపు ఉంటే అసలు ఇటు చూడొద్దు.

డ్రైవింగ్ అంటే ఇష్టం, సిటీకి సరిపోయే చిన్న కారు కావాలి, ఒక్క కారుతోనే వారంలో ఆఫీసు, వీకెండ్‌లో అనంతగిరి అయిపోవాలి అంటే ఇంతకంటే మంచి ఆప్షన్ నాకు కనిపించట్లేదు. సెకండ్ హ్యాండ్‌లో చూస్తుంటే మాత్రం సర్వీస్ హిస్టరీలో ఆయిల్ టైమ్‌కి మార్చారా లేదా చూడండి, టర్బో ఆయుష్షు దాని మీదే ఉంది. రీమ్యాప్ చేసి మళ్లీ పాత ఫైల్ వేసిన కారు కాదని ఎవరైనా తెలిసినవాళ్లతో చెక్ చేయించండి.

బడ్జెట్ వేసుకునేటప్పుడు ఆన్ రోడ్ ధర మీద ఇంకో నలభై వేలు పక్కన పెట్టండి. టైర్లకి.