ఎదుటి మూలలో ఎవరు?

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషను ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్ల పొడవైనదని పాఠ్యపుస్తకాలు చాలకాలం పిల్లలచేత వల్లె వేయించినవి. దాని పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయినవి. అందువలన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఒక్క అంగుళమైనా కుంచించుకొనిపోలేదు. కొలబద్ద అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

తరువాతివారు మించినంతమాత్రాన తగ్గని ఘనత ఇటువంటిది. మరొక రకం ఘనత కలదు. దానిని ఎవరూ మించనక్కరలేదు. కాలం గడచినకొలదీ తనంత తానే పలుచబడుతుంది. ఏలనంటే అది పుట్టిననాడే కొలత సరిగా లేదు. పాతకాలపు క్రీడావైభవాన్ని కీర్తించేవారు ఈ రెంటినీ ఒకే గాటను కట్టివేస్తున్నారు. ఇది అమాయకపు పొరపాటు కాదు. లెక్క చూడడానికి ఇష్టపడని సోమరితనం.

రైల్వే కాలనీల ముచ్చట్లలో హాకీతోపాటు ముష్టియుద్ధానికి కూడా చోటున్నది. పరుగుపందెగాడికి గడియారమున్నది, విలుకాడికి గురి ఉన్నది. ముష్టియోధుడికి ఎదుట మరొక మనిషి తప్ప వేరొక కొలత లేదు. కనుక అతని గెలుపు విలువ చాలవరకు ఓడినవాని దేహంలోనే ఉంటుంది. 1980 అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో లారీ హోమ్స్ మహమ్మద్ అలీని ఓడించినాడు. పదవ రౌండు ముగియగానే అలీ పక్షంవారే పోటీ ఆపివేయించినారు. పుస్తకంలో అది అలీపై గెలుపు. కాని ఆనాడు బరిలో నిలిచినది 38 ఏళ్ల మనిషి. కాళ్లు కదలనివాడు, చేతులు పైకి లేవనివాడు. హోమ్స్ ఒకప్పుడు ఆ అలీకే అభ్యాసంలో ఎదురు నిలిచినవాడు. ఎవరిని కొట్టుచున్నాడో అతనికి తెలియును. గెలిచిన తరువాత కంటతడి పెట్టినాడు. గెలిచినవాడే ఏడ్చిన గెలుపును చూడనివారు పొగడడం వింతగా లేదా?

“గెలిచినవాని తప్పేమున్నది? ఎదుటికి వచ్చినవానితోనే గదా పోరాడవలెను” అని వాదించవచ్చును. నిజమే, గెలిచినవాని తప్పేమీ లేదు. తప్పంతా లెక్క వ్రాసేవారిది. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులో ముష్టియుద్ధపు పన్నెండు స్వర్ణాలలో తొమ్మిది అమెరికాకు దక్కినవి. క్యూబా రాలేదు, సోవియట్ యూనియన్ రాలేదు. పతకాలలో బంగారుపూత సరిగానే ఉన్నది. లేనివారు మాత్రం ఆ పతకాలపై ఎక్కడా కనబడరు.

అమెరికావారిని వేలెత్తి చూపడం సులభం. అదే నగరంలో 1932లో జరిగినది తలచుకొన్నప్పుడు వేలు ముడుచుకొంటుంది. ఆనాడు హాకీలో భారతదేశం జపానును 11–1తోను, అమెరికాను 24–1తోను ఓడించి స్వర్ణం సాధించినది. పోటీకి వచ్చిన జట్లు మొత్తం మూడే! రెండు ఆటలూ ఓడిన అమెరికాకు కూడా కాంస్యం దక్కినది. ఆ భారత జట్టులో రిచర్డ్ కార్ అనే ఆంగ్లో-ఇండియన్ ఆటగాడుండెను. తరువాతికాలంలో ఖరగ్‌పూర్‌లో లెస్లీ క్లాడియస్ అనే బిలాస్‌పూర్ కుర్రవానిని హాకీలోనికి దింపినది ఈ కారే. ఆ ఒక్క పని ఇరవైనాలుగు గోల్సుకంటె బరువైనది. అయినా జనం నోట పలికేది ఇరవైనాలుగే.

నాలుగేళ్ల తరువాత బెర్లిన్ సంగతి చూడవలెను. బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టువాడైన జో గాలిబార్డీ ఆ ఒలింపిక్సులో ఆడినాడు. పోటీలకు ముందు సాధనకై ఆడిన ఆటలో జర్మనీ భారత జట్టును 4–1తో ఓడించినది. అదే జర్మనీని 1936 ఆగస్టు 15న ఫైనలులో 8–1తో ఓడించినారు. ఎదుటివాడు తమను ఓడించగలడని తెలిసి గెలిచిన గెలుపు అది. దానిని 24–1 పక్కన కూర్చోబెట్టడం మణికీ గాజుపూసకూ ఒకే ధర కట్టడం.

ఇంతకంటె చేదైన సంగతి మరొకటున్నది. రైల్వే కంపెనీల కాలంలో కాలనీలలో యూరోపియనులకు, ఆంగ్లో-ఇండియనులకు ఒక ఇన్‌స్టిట్యూట్, భారతీయులకు వేరొకటి ఉండేవి. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేయ వచ్చిన తెలుగువారెందరో కలరు. సుత్తి పట్టిన ఆ చేతులలో ఎన్నింటికి ముష్టియుద్ధపు తొడుగు అందినది? గడప దాటనిచ్చినవారిలో మొదటివాడు అందరిలోను మొదటివాడని చెప్పడం ఏ లెక్క? 1927లో ఉద్యోగాల తొలగింపుపై వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగినారు. అది ఏ క్రీడాచరిత్రలోనికీ ఎక్కదు. కాని ఎదుటి మూలలో ఎవరున్నారో వారికి సందేహముండలేదు.

ఓటమికి కూడా ఇదే కొలత వర్తింపజేయవలెను. క్లాడియస్ నాయకత్వాన 1960లో రోములో భారత జట్టు పాకిస్తాను చేతిలో ఒక్క గోలుతో ఓడినప్పుడు దేశం తలవంచుకొన్నది; అమెరికాపై ఇరవైనాలుగుకు మాత్రం తల ఎత్తుకొనే ఉన్నది. 1948లో భారతదేశం ఒలింపిక్సుకు మొదటిసారి ముష్టియోధులను పంపినది. లండనులో బాబూలాల్ పాకిస్తానుకు చెందిన అలన్ మాంటెరోను ఓడించి, తరువాతి పోటీలో ప్యూర్టోరికోవాడైన హువాన్ వెనెగాస్ చేతిలో ఓడినాడు. గెలుపును తలచేవారు ఎక్కడైనా ఒకరిద్దరు ఉందురేమో. ఓటమిని తలచేవారు లేరు. ఆ వెనెగాసే ఆ పోటీలలో కాంస్యం గెలిచి తన దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చినాడు. భారత ముష్టియోధునికి అటువంటి కాంస్యం దక్కడానికి 2008 వరకు, అరవై ఏళ్లు పట్టినది.