ఇంజనీరునకు ఎం.బి.ఏ. పట్టము

హైదరాబాదు, బెంగుళూరు నగరములందలి సాఫ్టువేరు కంపెనీలలో ఐదాఱేండ్లు పనిచేసిన మన యువకులను ఒక ప్రశ్న వేధించుచున్నది. ప్రోగ్రాములు వ్రాయుట చాలించి, పదిమందిచే పని చేయించు మేనేజరు పదవికి పోవుటకు ఎం.బి.ఏ. పట్టము తోడ్పడునా? ఇది వారి సొంత వ్యవహారమేనని మనము ఊరకుండుటకు వీలులేదు. ఆ చదువునకై బ్యాంకు అప్పుపత్రముపై పూచీదారులుగా వ్రాలు చేయువారు తఱచుగా వారి తండ్రులు. కుమారుని ఇంజనీరింగు చదువునకు ఒక ఎకరము, అమెరికా ప్రయాణమునకు మఱియొక ఎకరము విక్రయించిన కుటుంబములు మన మండలములలో లేకపోలేదు. మూడవ ఎకరము మాట వచ్చుటకు ముందే విషయమును విచారించుట మేలు.

ఈ చదువు నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము 1908లోనే దీనిని నెలకొల్పినది. వాల్తేరునందలి మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1957లో ప్రారంభించినది. కలకత్తా, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు 1961లో వెలసినవి. విశాఖపట్టణమునకు 2015లో అట్టి సంస్థ లభించినది. ఇందొక విశేషము గలదు. ఈ ఐ.ఐ.ఎం.లు చిరకాలము ఇచ్చినది పట్టము కాదు, డిప్లొమా మాత్రమే. 2017 నాటి చట్టము 2018లో అమలులోనికి వచ్చిన పిమ్మటనే పట్టమిచ్చు అధికారము వానికి కలిగినది. అంతకుముందు డిప్లొమా పుచ్చుకొని వచ్చినవారిని కంపెనీలు పోటీపడి చేర్చుకొన్నవే గాని కాదనలేదు. కాగితముపై నున్న పేరునకు గాక, కఠినమైన ప్రవేశపరీక్షలో వడపోయబడి వచ్చిన మనుష్యులకే అవి వెలకట్టినవని దీనివలన తెలియుచున్నది. ఆ వడపోత లేని కళాశాలలో, వారాంతములందు హాజరు వేయించుకొని సంపాదించిన పట్టమునకు అదే వెల రాదు.

ఈ ప్రస్తావన రాగానే మనవారు సత్య నాదెళ్ల పేరు చెప్పుదురు. ఆయన 1992లో మైక్రోసాఫ్టులో చేరి, ఉద్యోగము విడువకయే 1997లో చికాగో విశ్వవిద్యాలయమున ఎం.బి.ఏ. ముగించెను. నిజమే. కాని ఆయన ఆ కంపెనీకి అధిపతి యైనది 2014లో. నడుమ పదునేడేండ్లు ఆయన ఏమి చేసెనని అడుగువారు లేరు! హైదరాబాదున పుట్టిన శంతను నారాయణ్ సైతము బర్క్లీలో ఎం.బి.ఏ. చదివి, 2007లో అడోబీ అధిపతి యయ్యెను. అయితే 2020లో ఐ.బి.ఎం. అధిపతి యైన తెలుగువాడు అరవింద్ కృష్ణ ఇంజనీరింగులో డాక్టరేటు పొందినవాడే గాని ఎం.బి.ఏ. కాడు. 1987లో టి.సి.ఎస్.లో శిక్షణార్థిగా చేరిన చంద్రశేఖరన్ 2009లో ఆ కంపెనీకి, 2017లో టాటా సన్స్ సంస్థకు పెద్ద యయ్యెను. ఆయన చదివినది కంప్యూటరు విద్య. కాబట్టి పెద్దల పేర్లు ఇరుపక్షములకును సాక్ష్యము పలుకును.

ఉన్న కంపెనీలోనే మేనేజరు కాగోరువాని సంగతి వేఱు. అచ్చట పై అధికారి చూచునది మూడు నాలుగు విషయములు: చెప్పిన గడువునకు పని అప్పగించినాడా, ఖాతాదారుడు కోపించిననాడు తాను ముందు నిలిచినాడా, తన క్రింది కుఱ్ఱలు నిలుచుచున్నారా, విసిగి పోవుచున్నారా. వీనికి మార్కుల పట్టిక లేదు. రెండేండ్లు బడికి పోయి తిరిగివచ్చువాడు, తన తోడివాడు అప్పటికే టీము లీడరై కూర్చుండుటను చూచును. ఇక రుసుము మాట. అహమ్మదాబాదు సంస్థలో రెండేండ్లకు ఇరువది లక్షల రూపాయలు దాటినది. అమెరికాలోని పెద్ద విద్యాలయములలో బోధన రుసుమే లక్ష డాలర్లకు మించినది. కోల్పోవు జీతమును గూడ దానికి కలుపుకొనవలయును.

మేనేజరు పని వట్టి పెత్తనమని మేము అనుట లేదు. 2002లో గూగుల్ కంపెనీ తన ఇంజనీర్లపై మేనేజర్లే అక్కఱలేదని తీసివేసి చూచినది. కొలది నెలలలోనే చిల్లర తగవులన్నియు స్థాపకుల గుమ్మమునకు రాగా, మరల నియమించుకొన్నది. తరువాత ఆ కంపెనీయే మంచి మేనేజరు లక్షణములను పరిశీలింపగా, తేలిన ఎనిమిదింటిలో క్రిందివారికి నేర్పి పైకి తెచ్చుట మొదటిది, సాంకేతిక పాండిత్యము చివరిది. లెక్కలు, పెట్టుబడి, వ్యాపారపు ఎత్తులు తరగతిలో నేర్వవచ్చును. నీ పని బాగులేదని తోటివానితో, వాని మనసు విఱుగకుండ చెప్పుటను ఎచ్చట నేర్తురు?

దారి మార్చుకొనదలచినవానికి మాత్రము పట్టము నిశ్చయముగా ఉపకరించును. సుందర్ పిచ్చయ్ ఇంజనీరింగు చదివి, 2002లో వార్టన్ పట్టము పొంది, మెకిన్సే అను సలహాసంస్థలో పనిచేసి, 2004లో గూగుల్‌లో ఉత్పత్తుల నిర్వహణకు చేరెను. సలహావృత్తి, ధనవ్యాపారము, ఉత్పత్తుల నిర్వహణ అను ద్వారములకు మంచి విద్యాలయపు పట్టము తాళపుచెవి వంటిది.

కాని కాలము మాఱుచున్నది. 2023లో మెటా కంపెనీ నడిమి మేనేజర్ల అంతరువులను కోసివేసినది. 2024 సెప్టెంబరులో అమెజాన్ అధిపతి ఆండీ జాస్సీ, మేనేజర్లతో పోల్చిన పనివారి పాలు 2025 మార్చి ముగియులోపల నూటికి 15 వంతులైనను పెరుగవలెనని ఆజ్ఞాపించెను. యంత్రమే ప్రోగ్రాము వ్రాయునను భయముతో మన యువకులు పరుగిడుచున్న ఇంటి కప్పును ఇంటివారే దింపుచున్నారు. వేఱొకవంక, ఎవరిపైనను అధికారము లేకయే ప్రిన్సిపల్ ఇంజనీరై మేనేజరుతో సమానమైన జీతము తీసికొను మార్గము పెద్ద కంపెనీలలో గలదు. పెండ్లిండ్ల పేరయ్యలకు ఈ సంగతి ఇంకను తెలిసినట్లు లేదు! పని చేయువాడు తక్కువ, చేయించువాడు ఎక్కువ యను భావము దొరతనపు కచేరీలతో వచ్చినది; దొరలు పోయినను అది పోలేదు.

కుమారుడు ఈ చదువు మాట ఎత్తినపుడు, ఏ కంపెనీలో ఏ పదవి కోరుచున్నావు, ఆ పదవిలో నేడున్నవారిలో ఎందఱు ఈ పట్టముతో వచ్చిరి అని తండ్రి అడుగవలయును. దారి మార్చుటకే యని, పేరుగల సంస్థలో ప్రవేశము దొరకినదని అతడు చెప్పినచో వ్రాలు చేయవచ్చును. తడబడినచో ఒక యేడాగి, తానున్నచోటనే నలుగురు కుఱ్ఱల బాధ్యతను అడిగి తీసికొనుమని చెప్పుట ఉచితము. ఆ యేటికి రుసుము లేదు, జీతమును ఆగదు.