ఫొటోలో పేరు లేని మనిషి

ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ మీడియా స్టడీస్ చదివే పిల్లలకు స్టువర్ట్ హాల్ రిప్రజెంటేషన్ సిద్ధాంతం సిలబస్‌లోనే ఉంది. జమైకాలో పుట్టి, 1951లో చదువు కోసం ఆక్స్‌ఫర్డ్ వచ్చిన మేధావి ఆయన. మీడియా లోకాన్ని ఉన్నదున్నట్టు చూపదని, దానికో అర్థం కట్టి మన చేతికిస్తుందని తేల్చి చెప్పాడు. అంత పదునైన మాటని పరీక్ష కోసం రెండు ముక్కలుగా బట్టీ పట్టించడం అన్యాయం. వరద వార్త ఫొటో ఒకటి తీసుకోండి. కెమెరా ట్రాక్టరు మీద ఉంటుంది, పొట్లం కోసం చాచిన చేతులు కింద ఉంటాయి. పంచే నాయకుడికి పేరుంటుంది, అందుకునే ఇల్లాలు ఉత్త ‘బాధితురాలు’. ఎవరు ఎక్కడ నిలబడి తీశారు, ఎవరి పేరు వదిలేశారు? రిప్రజెంటేషన్ పాఠానికి ప్రాణం ఈ ప్రశ్నే. టీచర్లూ, నోట్సు చెప్పేముందు ఆ పొద్దుటి పేపరు బల్ల మీద పరిచి, పిల్లల చేత ఈ ప్రశ్న అడిగించండి.