ఎంట్రీ ఫ్రీ, సరే. కళ కూడా ఫ్రీయేనా?

"ఉచితం" అనే మాటకి రెండర్థాలు ఉన్నాయి. ఒకటి మనందరికీ తెలిసిన ఫ్రీ. రెండోది తగినది, న్యాయమైనది అని. "ఉచితానుచితాలు" అన్నప్పుడు వచ్చేది ఈ రెండోదే. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఇది మన క్లబ్‌లో చేరాకే తెలిసింది. భద్రాచలంలో ప్రతి ఎండాకాలం ఒక ఉచిత సంగీత, కళల పండగ జరగాలన్నది నా వాదన. అయితే అది రెండర్థాల్లోనూ ఉచితం కావాలి.

ఇలాంటి పండగలు కొత్తేమీ కాదు. రాజస్థాన్ పర్యాటక శాఖ మౌంట్ ఆబూ కొండ మీద బుద్ధ పూర్ణిమ రోజుల్లో వేసవి ఉత్సవం చేస్తుంది. జానపద నృత్యాలు, ఖవ్వాలీ, నక్కీ చెరువులో పడవ పందేలు అన్నీ ఉంటాయి. అమెరికాలో ఐడహో కొండల్లోని సన్ వ్యాలీలో ప్రతి వేసవీ పెద్ద ఆర్కెస్ట్రా కచేరీలు టికెట్ లేకుండా జరుగుతాయి. మరి మనకేం తక్కువ? అచలం అంటేనే కొండ. పక్కన గోదావరి, చుట్టూ అడవి, ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర, ఇంకాస్త ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్, ఒడిశా.

పాటకైతే అసలు లోటే లేదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణాకి తహశీల్దారు. పన్ను డబ్బుతో గుడి కట్టించి గోల్కొండ జైలుకి వెళ్లాడు, రామదాసుగా మిగిలాడు. ఆయన కీర్తనల్ని మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇంటింటికీ చేర్చారు. మా బ్యాచ్ వాళ్లకి మాత్రం 2006లో వచ్చిన సినిమా వల్లే ఎక్కువ తెలుసు. రామదాసు జయంతికి భద్రాచలంలో వాగ్గేయకార ఉత్సవాలు జరుగుతాయి, కానీ అవి చలికాలం చివర్లో. ఎండాకాలం మొదట్లో వచ్చే శ్రీరామనవమికి జనం లక్షల్లో వస్తారు, కల్యాణం చూసి ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు.

రెండో పాట అడవిది. ఏప్రిల్, మే నెలల్లో రేల చెట్లు పసుపు పచ్చగా పూస్తాయి. ఆ పేరే ఉన్న రేల పాటల్ని ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని వలయంగా తిరుగుతూ పాడతారు. విత్తనాలు వేయడానికి ముందు కోయ గూడేల్లో భూమి పండగ వస్తుంది. మగవాళ్లు కొమ్ములు, నెమలి ఈకలు ఉన్న తలపాగాలు కట్టుకుని డోలు కొడుతూ ఆడతారు. అంటే అడవిలో వేసవి ఉత్సవం ఎప్పట్నుంచో ఉంది. మన క్యాలెండర్‌లోనే లేదు.

అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. కొమ్ము డాన్స్‌ని మనలో చాలామంది ఎక్కడ చూశాం? మంత్రిగారు కారు దిగుతుంటే చూశాం. అది స్వాగత తోరణంలో ఒక భాగం. పెద్దలు స్టేజీ ఎక్కగానే డోలు ఆగిపోతుంది, ప్రసంగాలు మొదలవుతాయి. పోస్టర్ మీద గాయకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద చిన్నగా "గిరిజన నృత్యాలు" అని ఉంటుంది. ఆ ఆడేవాళ్లకి పేర్లుండవా? నేను చూసిన ఒక కాలేజీ ఫెస్ట్‌లో డీజేకి అడ్వాన్స్ నెల ముందే వెళ్లింది. జానపద బృందానికి మాత్రం భోజనం, బస్ ఛార్జీలు, ఒక మెమెంటో. వాళ్లు "మా డబ్బులు?" అని అడిగితే, "మీకు మంచి ప్లాట్‌ఫామ్ ఇచ్చాం కదా" అన్నారు. ప్లాట్‌ఫామ్‌తో ఇంట్లో బియ్యం వస్తాయా?

మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు కొడుతూ సమ్మక్క సారలమ్మల కథని కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు. అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగిలయ్య గారు 2024లో భవన నిర్మాణ కూలి పనిలో కనిపించారని వార్తలొచ్చాయి. అవార్డు ఒక రోజుది. కళాకారుడికి కావలసింది ఏడాదంతా పని.

సీఎస్ఈ వాళ్లకి ఇది ఓపెన్ సోర్స్ భాషలో చెప్తే తేలిగ్గా ఎక్కుతుంది. కోడ్ అందరికీ ఫ్రీ. కానీ దాన్ని నిలబెట్టే మెయింటెయినర్ ఎక్కడో ఒక్కడే, జీతం లేకుండా పనిచేస్తుంటాడు. అతను మానేసిన రోజు దాని మీద కట్టుకున్నవన్నీ కదులుతాయి. డోలు కొట్టేవాళ్లు మానేసినా అంతే. పైగా దానికి బ్యాకప్ లేదు.

కొందరు "ఫ్రీగా ఇస్తే విలువుండదు, టికెట్ పెట్టండి" అంటారు. నేను ఒప్పుకోను. టికెట్ పెడితే ముందు బయట ఉండిపోయేది ఆ కళ ఎవరిదో ఆ గూడెం వాళ్లే. ఖర్చు చూసేవాడి దగ్గర కాకుండా ఇంకో చోట తీసుకోవాలి. ఆ చోటు ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఆ జాబితాలో సంప్రదాయ కళలు కూడా ఉన్నాయి. సింగరేణి కేంద్ర కార్యాలయం కొత్తగూడెంలో, ఐటీసీ కాగితం మిల్లు నదికి ఇవతల సారపాకలో. ఇంతకన్నా దగ్గర ఎక్కడ దొరుకుతుంది?

నా కోరికలు ఎక్కువేం కాదు. ఎండ తగ్గాక సాయంత్రాలు, నది ఒడ్డున. కర్ణాటక కచేరీకి ఎంత టైమో రేల పాటకీ అంతే. ప్రతి కళాకారుడి పేరూ పోస్టర్ మీద ఉండాలి. ముందే చెప్పిన పారితోషికం అదే రోజు అకౌంట్‌లో పడాలి. ఏది స్టేజీ మీదకి రావచ్చు, ఏది పూజకే ఉండాలి అన్నది కోయ పెద్దలే చెప్పాలి. రికార్డింగ్ కూడా వాళ్లు సరేనంటేనే.

లెక్కలడగడం భక్తికి, కళకి తగదని ఎవరైనా అంటే రామదాసుని గుర్తు చేయండి. ఏ నగకి ఎంతయిందో రాముడికే లెక్క చెప్పిన కీర్తన ఆయనది.

మన వంతు కూడా ఒకటుంది. వచ్చే ఫెస్ట్ బడ్జెట్ మీటింగ్‌లో జానపద బృందం అనే లైన్ వస్తుంది. దాని పక్కన "భోజనం, మెమెంటో" అని రాసే ముందు ఒక అంకె రాయమని మన క్లబ్ అడగాలి. నేనైతే అడుగుతాను. మీరూ చేతులెత్తండి.