రెండు కొలువుల వైమానికులు

అమెరికా సంయుక్త రాష్ట్రముల సైన్యమున రెండు తెగలవారు కలరు. సైనికవృత్తియే జీవితముగా గలవారు ఒక తెగ. బడిలోనో, దుకాణములోనో, కార్యాలయములోనో తమ పని తాము చేసికొనుచు, నెలకొకసారి శని ఆదివారములందును, ఏటికి రెండు వారములును సైనిక దుస్తులు ధరించి హాజరగువారు మరియొక తెగ. నేషనల్ గార్డు, రిజర్వు దళములు అనునవి ఈ రెండవ తెగవారివే. మన టెరిటోరియల్ ఆర్మీని ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. ఈ దళములలో విమానములు నడుపువారు పలువురు తక్కిన దినములలో పౌరవిమాన సంస్థల చోదకులు. యుద్ధవిమానము వారికి దేశసేవ. ప్రయాణికుల విమానము జీవనోపాధి. రెండింటికిని పెట్టుబడి మాత్రము ఒక్కటే: ఆరోగ్యవంతమైన దేహము. ఆ దేహముపై అధికారము ఎవరిదను ప్రశ్న 1998 మొదలు కొన్ని ఏండ్లపాటు వారిని వేధించినది.

1997 డిసెంబరు 15వ తేదీన రక్షణమంత్రి విలియం కోహెన్ సైనికులందరికిని ఆంత్రాక్స్ టీకాలు వేయింపనున్నట్లు ప్రకటించెను. ఆ వ్యాధి మన పశువైద్యులు దొమ్మ అని పిలుచునదే. గొఱ్ఱెలకు, ఆవులకు వచ్చు ఈ జాడ్యమునకు 1881లోనే లూయీ పాశ్చర్ టీకా కనిపెట్టి, మందలోని సగము గొఱ్ఱెలకు వేసి, సగమునకు వేయక, లోకమునకు నిదర్శనము చూపెను. దాని బీజములు ఏండ్ల తరబడి చావవు. గాలిలో చల్లిన ఊపిరితిత్తులలో చేరి మనిషిని చంపును. తాము దీనిని ఆయుధముగా సిద్ధపరచితిమని 1995లో ఇరాకు ఒప్పుకొనిన పిమ్మట అమెరికా సేనానులకు నిద్ర కరవైనది. ఇరువది నాలుగు లక్షల మందికి, పదునెనిమిది మాసములలో ఆరు పర్యాయములు, ఆ తరువాత ఏటేట ఒక పర్యాయము సూది వేయవలెనని నిర్ణయమైనది.

నిత్యసైనికునకు ఇది మరియొక ఆజ్ఞ మాత్రమే. గార్డు వైమానికుని లెక్క వేరు. పౌరవిమాన సంస్థలో కాప్టెనుగా పనిచేయువాడు మొదటి తరగతి వైద్యపరీక్షలో నెగ్గుచుండవలెను. ఆ రోజులలో ఆ పరీక్ష ఆరు మాసములకొకసారి జరిగెడిది. అప్పటి విరమణ వయస్సు 60 ఏండ్లు. నలువదవ ఏట ఉన్న చోదకునకు ఇంకను ఇరువది ఏండ్ల జీతము, అందును సీనియారిటీతో పెరుగుచుపోవు జీతము, ఆ పరీక్షపై ఆధారపడియుండెను. గార్డు కొలువులో వచ్చునది దానిలో చిన్న భాగము. టీకా వలన కీళ్లనొప్పియో, తలతిరుగుడో పట్టుకొని విడువకున్న యెడల పోవునది సైన్యమిచ్చు చిన్న జీతము కాదు, విమాన సంస్థ ఇచ్చు పెద్ద జీతము. నష్టపరిహారమునకై ప్రభుత్వముపై దావా వేయుదమన్న, సైనికసేవలో కలిగిన హానికి దావా చెల్లదని 1950లోనే ఫెరెస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. అపాయము అరుదే కావచ్చును. కాని ఆజ్ఞ ఇచ్చినవాడొకడు, నష్టము భరింపవలసినవాడు వేరొకడు. వైమానికుల శంకకు మూలము ఇచట ఉన్నది. దీనిని పిరికితనమని కొట్టివేసినవారు లెక్క చూడనివారు.

కనెక్టికట్ రాష్ట్రపు గార్డు దళములో ఆ పని కొంత పద్ధతిగా జరిగినది. దళాధిపతియే టీకా విషయము విచారింపుడని కొందరు అధికారులను నియోగించెను. 1970లో లైసెన్సు పొందిన ఈ మందుకు ముఖ్యాధారము మేకబొచ్చు మిల్లులలోని కార్మికులపై జరిపి 1962లో ప్రచురించిన పరిశోధన. చర్మముపై వచ్చు ఆంత్రాక్స్‌కు అది బాగుగనే పనిచేసినది; ఊపిరితో లోనికి పోవు ఆంత్రాక్స్ మాటయో, నిశ్చయముగా చెప్పుటకు తగినన్ని కేసులే లేవు. యుద్ధములో భయపడవలసినది ఆ రెండవదానికే. పైగా మందు తయారగుచున్న లాన్సింగ్ నగరపు కర్మాగారములో లోపములు గలవని 1997లో ఔషధ నియంత్రణ శాఖయే హెచ్చరించియుండెను. ఈ సంగతులు తెలిసిన పిదప, 1999 జనవరిలో ఆ దళమునుండి ఎనిమిదిమంది చోదకులు వైదొలగిరి.

కాంగ్రెసు తరఫున లెక్కలు చూచు జనరల్ అకౌంటింగ్ ఆఫీసు దేశమంతటి గార్డు, రిజర్వు వైమానికులను ప్రశ్నించి 2002లో నివేదిక ఇచ్చినది. 1998 సెప్టెంబరు మొదలు 2000 సెప్టెంబరు వరకు నూటికి 16 మంది దళము మారిరి, లేదా సేవ విడిచిరి. టీకా వేయించుకొనినవారిలో నూటికి 85 మంది ఏదో ఒక బాధ కలిగినదనిరి. మందుతోపాటు ఇచ్చు కాగితములో వ్రాసినది నూటికి 30 మాత్రమే. ఇందు చేయి వాచుట, నొప్పి వంటివి కూడ చేరియున్నవి గనుక ఆ అంకెను చూచి బెదరిపోవలసినది లేదు. కాని కాగితములోని అంకె నమ్మదగినది కాదని తేలినపుడు, తక్కిన హామీలను ఎవరు నమ్ముదురు?

వైద్యశాస్త్రము చివరకు టీకా పక్షముననే నిలిచినది. టీకా తగినంత నిరపాయకరము, ఫలప్రదమని 2002లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పండితులు తేల్చిరి. 2001 శరత్కాలములో తపాలా కవరులలో ఆంత్రాక్స్ పొడి వచ్చి 22 మంది జబ్బుపడి అయిదుగురు మరణించుటతో, సేనానుల భయము ఊహామాత్రము కాదనియు తెలిసినది. అయినను సైన్యము తప్పించుకొనలేని నింద ఒకటి కలదు. ఒకే సందేహము వ్యక్తపరచిన ఇరువురిలో నిత్యసైనికునకు హోదా తగ్గింపు, కోర్టుమార్షలు, బర్తరఫు. గార్డు చోదకునకు రాజీనామా పత్రము, మరునాడు యథాప్రకారము విమాన సంస్థ ఉద్యోగము. బయటకు ద్వారము ఉన్నవాని ప్రశ్నకు కాంగ్రెసు సభలలో విచారణ జరిగినది. ద్వారము లేని పందొమ్మిదేండ్ల సిపాయి ప్రశ్న అవిధేయతగా నమోదైనది. ఏండ్ల తరబడి శిక్షణ ఇచ్చిన చోదకులు వెళ్లిపోవుచుండకున్న, ఆ సిపాయిల మాట ఎంతమంది వినియుందురో చెప్పలేము.

తరువాతి కథ న్యాయస్థానములది. లైసెన్సు విషయమున ప్రజాభిప్రాయ సేకరణ సక్రమముగా జరుగలేదను కారణముతో 2004 అక్టోబరులో ఫెడరల్ న్యాయమూర్తి నిర్బంధ టీకాలను నిలిపివేసెను. లోపము సవరించి ఔషధ శాఖ 2005లో మరల ఆమోదింపగా, 2006లో కొన్ని ప్రాంతములకు పోవు సైనికులకు నిర్బంధము తిరిగి వచ్చినది.

2021లో కోవిడ్ టీకాలు వచ్చునప్పటికి ద్వారపు ఆకారమే మారినది. ఆగస్టులో యునైటెడ్ విమాన సంస్థ తన ఉద్యోగులకు టీకా తప్పనిసరి చేసెను. అదే మాసములో రక్షణమంత్రి ఆస్టిన్ సైన్యమునకు అట్టి ఆజ్ఞయే ఇచ్చెను. ఇప్పుడు ఒక యజమానిని విడిచి రెండవవాని చెంత చేరుదమన్న, అచటను సూదియే ఎదురుపడెను. డెల్టా సంస్థ నిర్బంధింపక, టీకా వేయించుకొననివారి ఆరోగ్యబీమాపై నెలకు 200 డాలర్లు అదనముగా వసూలు చేయ నిశ్చయించెను. అనగా సైన్యము విడువగోరు చోదకుని స్వేచ్ఛ అతడు ఏ విమాన సంస్థలో చేరియున్నాడను దానిపై ఆధారపడెను. టీకా అనంతరము 48 గంటలు విమానము నడుపరాదని అమెరికాలోను, మన దేశములోను విమానయాన శాఖలు నియమము విధించినవి గనుక, చోదకుని దేహము ప్రత్యేకముగా చూడవలసినదను మాట ఈసారి ప్రభుత్వములే ఒప్పుకొనినట్లయినది.

కాంగ్రెసు శాసనము వలన 2023 జనవరిలో సైన్యపు కోవిడ్ ఆజ్ఞ రద్దయినది. అప్పటికి దాని వలన ఎనిమిది వేలకు పైబడి సైనికులు కొలువు కోల్పోయియుండిరి. వారిని తిరిగి చేర్చుకొనుటకు 2025 జనవరిలో అధ్యక్షుడు ఉత్తరువు ఇచ్చెను. ఆంత్రాక్స్ సూదిని నిరాకరించి కొలువు పోగొట్టుకొనిన వెనుకటి సిపాయిలకు ఆ ఉత్తరువు వర్తింపదు.