తట్ట మోయు చేతికి తాపీ

హైదరాబాదులోని కూకట్‌పల్లి, ఎల్బీనగరు మున్నగు కూడళ్లయందు ప్రతి ఉదయమును సద్దిమూటలతో కూలిజనము గుమిగూడుదురు. ఈ తావులకే అడ్డాలని పేరు. పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు, పరరాష్ట్రములనుండియు వచ్చిన వీరిని గుత్తేదారులు బేరమాడి కొనిపోవుదురు. పని దొరకనివారు ప్రొద్దెక్కినపిమ్మట వట్టిచేతులతో మఱలుదురు. నగరమందలి మేడలన్నియు వీరి కష్టఫలములే. అయినను కనీస వేతనపట్టికలలో వీరిలో ననేకులకు దక్కిన బిరుదు ‘నైపుణ్యము లేనివారు.’

రసమట్టము చూచి గోడ నిలుపువాడు, ఇసుక సిమెంటుల పాళ్లను కంటితో నిర్ణయించువాడు విద్యలేనివాడగునా? వానికి లేనిది విద్య కాదు, పత్రము. పనితావే వాని పాఠశాల, మేస్త్రియే వాని గురువు. కాని ఆ పాఠశాలలో స్త్రీకి మాత్రము ప్రవేశము లేదు. మగకూలి కొన్ని యేండ్లకు మేస్త్రి యగును. వాని ప్రక్కనే ఇటుకలు మోసిన స్త్రీ ఇరువదియేండ్ల పిమ్మటను తట్టతోనే యుండును. ఆమెకు చేతకాదనువారు ఝార్ఖండును చూతురుగాక! 2014లో ఆరంభమైన స్వచ్ఛభారత కార్యక్రమమున అచ్చటి గ్రామస్త్రీలు వేలకొలదిగా తాపీపని నేర్చి మరుగుదొడ్లు కట్టి, ‘రాణీమిస్త్రీ’లని పేరుగాంచిరి. అడ్డామీది స్త్రీకి కొఱవడినది శక్తి కాదు, అవకాశము.

చట్టములు లేకపోలేదు. నిర్మాణవ్యయములో నూటికొక రూపాయికి తగ్గని సెస్సు వసూలుచేసి కార్మికసంక్షేమ బోర్డుల కీయవలెనని 1996లోనే శాసనములు పుట్టినవి. ఆ ధనము వేలకోట్లు పోగై, కార్మికులకు చేరక నిలిచియుండుటను 2018లో సర్వోన్నత న్యాయస్థానము తీవ్రముగా ఆక్షేపించెను. ఆ శాసనములలోని సెస్సు, బోర్డుల నియమములు 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతాస్మృతిలో లీనమైనను, సెస్సును బోర్డులును నిలిచియే యున్నవి. నైపుణ్యశిక్షణయు బోర్డుల విధులలో నొకటి. పనిలో నేర్చిన విద్యను పరీక్షించి పత్రమిచ్చు పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో కలదు.

ఇన్నియుండియు కూలి శిక్షణకేల పోడు? రెక్కాడినగాని డొక్కాడని సంసారము వానిది. తరగతిలో కూర్చున్ననాడు కూలి పోవును. పత్రము సంపాదించినను గుత్తేదారు దానిని చూచి రూపాయి హెచ్చింపడు. ఆకలికి ఓర్చి నేర్చినవానికి లాభమేమి?

కావున మూడు మార్పులు వెంటనే జరుగవలయును. శిక్షణ పనితావుననే, పనివేళలయందే సాగవలయును. ఆ గంటల కూలిని సెస్సునిధినుండి చెల్లింపవలయును. పత్రము పొందినవారికి నిపుణుల తరగతి వేతనము విధిగా నీయవలయును. ప్రభుత్వ నిర్మాణముల గుత్తలలో, ప్రతి ముఠాయందును కొందఱు స్త్రీలకు తాపీపని నేర్పుట యొక షరతు కావలయును. వ్యయము పెరుగునని గుత్తేదారులు మొఱపెట్టుకొందురేమో! శిక్షణకై వారినుండి క్రొత్తగా నడుగుచున్న దేమియు లేదు. కార్మికుల పేర వసూలైన ధనమును కార్మికులకే వెచ్చింపుమనుచున్నాము. నైపుణ్యమునకు తగిన కూలి యన్ననో, అది వ్యయము కాదు, ఋణము.

ప్రభుత్వము కదలువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. న్యాయవాదులు, విద్యార్థులు వారమునకొక ఉదయము అడ్డాలకు పోవుదురుగాక! కూలీల పేళ్లు బోర్డులలో నమోదు చేయించి, వారి హక్కులను వారికి తెలిపెదరుగాక! మనకు నీడనిచ్చు గోడలను కట్టినవారికి మనము పడియున్న బాకీలో అది మొదటి వాయిదా.