గడ్డి కప్పిన నేల

జమైకా దక్షిణ తీరాన ఉన్న ట్రెజర్ బీచ్‌కు ఒక్క నెల కోసమని వెళ్లాము. జాలరుల పల్లె అది. సెయింట్ ఎలిజబెత్ ప్రాంతంలో వానలు తక్కువ. రైతులు గినియా గడ్డిని కోసి, ఎండబెట్టి, మడులపై మందంగా పరచి నేలలోని తేమను కాపాడుకుంటారు. అంతటి తీయని పుచ్చకాయను మేము మరెక్కడా తినలేదు! మాంసం విషయంలో మా సంకోచాన్ని పొరుగింటి వృద్ధురాలు తానే గ్రహించారు. చేపలు మాత్రమే పంపేవారు, అవీ మా గిన్నెలోనే వండి. 2024 జులై 3న బెరిల్ తుఫాను ఆమె ఇంటి కప్పును ఎగరగొట్టింది. మరునాడు పరామర్శకు వెళితే, ఆమె చెల్లాచెదురైన గడ్డిని ఏరి మళ్లీ మడులపై పరుస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే మా పిల్లలూ వంగి ఏరసాగారు. మా తిరుగు టిక్కెట్లు ఆ వారానివే. రెండు నెలలకు వాయిదా వేసుకున్నాము.